భుజాన పులి

నాగసుధ షెడ్డులోకి వస్తూనే చెప్పులు చెరో మూలకి విసిరింది. బస్టాపులో చూసింది ఆమెకి మింగుడుపడటం లేదు. తను బొమ్మ వేసి అమ్మిన గుడ్డబ్యాగు కొన్న ఏలీషమ్మ, ఆసుపత్రిలో ఆయాగా చేసే మనిషి, బొమ్మ ఉన్న వైపుని ఒంటికి తిప్పేసుకుని నిలబడింది. బయటికి కనిపించేది వట్టి గుడ్డ.

అది అలాంటిలాంటి బొమ్మ కాదు. గుడ్డని చీల్చుకుని మీదికి దూకుతున్న పులి. దాని వెనక ఎరుపూ పసుపూ బాంబు పేలినట్టు ముక్కలుముక్కలుగా ఎగిరిపడుతుంటాయి. సుధ పదకొండు రోజులు కూర్చుని వేసింది.

"నా పనంటే ఆవిడకి నామోషీ, మాస్టారూ. రేపు పొద్దున్నే వెళ్ళి బ్యాగు వెనక్కి అడిగేస్తాను. విలువ తెలియని వాళ్ళ చేతిలో ఉండేకన్నా గోడకి వేలాడటం నయం."

ఖాసిం మాస్టారు బ్రష్షులు కడుగుతున్నారు. విజయవాడలో నలభై ఏళ్ళు సినిమా బ్యానర్లు వేసిన చెయ్యి అది. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక, ఈ షెడ్డులో నలుగురికి బొమ్మలు నేర్పుతున్నారు. మాట తక్కువ మనిషి. పొగడ్త ఇంకా తక్కువ.

"కొనేముందు ఆమె ఎన్నిసార్లు వచ్చి చూసుకెళ్ళింది?" అన్నారు.

"మూడుసార్లు."

మాస్టారు తలూపి, కడిగిన బ్రష్షులు డబ్బాలో పెట్టారు. "టీపొడి అయిపోయింది. పట్టుకురా," అన్నారు. ఆమె కదలబోతుంటే గోడవైపు చూపించారు. "అది వేసుకెళ్ళు."

గోడకి ఉన్నది ఏలీషమ్మ బ్యాగుకి జోడీ. దాని మీదా పులే. వచ్చిన వాళ్ళకి చూపించడానికని సుధ తనకోసం వేసుకుంది. ఇంతవరకూ అది మేకు దిగలేదు.

"పావుకిలో టీపొడికి అంత బ్యాగెందుకు, మాస్టారూ?"

"బ్యాగేగా, బేటా."

సుధ దాన్ని భుజాన తగిలించుకుని దర్జాగానే బయల్దేరింది. సందు చివర ఇస్త్రీ బండి అతను పని ఆపి చూశాడు. ఆటోవాడొకడు పక్కనే స్లో చేసి, గుర్రుమని అరిచి మరీ పోయాడు. కొట్టు దగ్గర ఇద్దరాడవాళ్ళు ఆమె మొహం వంకా బ్యాగు వంకా మార్చిమార్చి చూసి ఏదో అనుకుని నవ్వుకున్నారు. పాపం, దర్జా అక్కడితో సరి.

తిరిగొచ్చి టీపొడి ఇవ్వబోతే మాస్టారు పొట్లం అందుకోలేదు. బ్యాగు వంక చూస్తున్నారు. సుధ కూడా చూసుకుంది. పులి తన పక్కటెముకలకి మొహం ఆనించుకుని ఉంది. ఎప్పుడు తిప్పిందో, ఏ మలుపులో తిప్పిందో ఆమెకే తెలియదు.

ఆమె మొహం కందిపోయింది. "రంగులు తగ్గించమంటారా?" అంది.

"తగ్గించావంటే ఈ గడప తొక్కనివ్వను."

"మరి?"

మాస్టారు అప్పుడు పొట్లం అందుకున్నారు.

"నేను వేసినవన్నీ గోడలెక్కాయి. గోడకి సిగ్గుండదు, బేటా. భుజానికి ఉంటుంది."

మర్నాడు పొద్దున్న సుధ బస్టాపుకి వెళ్ళింది. ఏలీషమ్మ అక్కడే ఉంది, బొమ్మని ఒంటివైపు పెట్టుకుని. సుధ ఆమెని ఏమీ అడగలేదు. తన బ్యాగుని పులి బయటికి కనిపించేలా సర్దుకుని పక్కన నిలబడింది. అందరూ చూస్తున్నారు. చెవులు వేడెక్కుతున్నాయి. చెయ్యి తిప్పేద్దామంటోంది, గట్టిగా ఆపుకుంది.

ఏలీషమ్మ ఆ పులిని కిందనించి పైదాకా చూసింది. మెల్లగా తన బ్యాగుని తిప్పి, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇంకోసారి చూసింది.

"మీ పులికన్నా నా పులికే కోపమెక్కువండీ," అంది గర్వంగా.