ఊట వరకు

ఒక్క మాట మారిస్తే మఠానికి నీళ్ళొస్తాయి. లాంబెర్ట్ మూడు రోజులుగా ఆ మాట వైపే చూస్తున్నాడు.

అది పడమటి దేశాల నుంచి దండెత్తి వచ్చిన ఫ్రాంకుల రాజ్యం నడిచిన కాలం. గలిలయ కొండల్లో అతనుండే మఠం చిన్నది. పదకొండు మంది సన్యాసులు, కొంచెం ద్రాక్షతోట, జబ్బు మనుషుల కోసం ఒక పొడవాటి గది. సముద్రం దాటి యెరూషలేముకు బయల్దేరి దారిలో కూలబడిన యాత్రికుల్ని ఆ గదికి చేర్చేవారు. ఆ వసంతంలో భూమి కంపించి, వాననీళ్ళు దాచుకునే రాతితొట్టి పగిలింది. ఎండలు ముదిరేసరికి దాని అడుగున బురద మిగిలింది. ఆ వారంలోనే ఇద్దరు యాత్రికులు నీళ్ళు, నీళ్ళు అంటూ కన్నుమూశారు. రెండోవాడి తల లాంబెర్ట్ ఒళ్ళోనే ఉంది.

కొండ కింద కఫర్ లౌజ్ అనే ఊరు. ఆ ఊరి పక్కన ఎంత ఎండాకాలమైనా ఆరిపోని ఊట ఉంది. ఊరివాళ్ళు సిరియా క్రైస్తవులు. ఫ్రాంకులు రాకముందు నుంచీ, ఫ్రాంకులకు ముందు ఏలినవాళ్ళు రాకముందు నుంచీ అక్కడే ఉన్నవాళ్ళు. ఊట మా గుడిది అని వాళ్ళంటారు. కాదు మాది అని మఠం అంటుంది. ఇద్దరూ మొక్కేది ఒకే దేవుడికి. పూజ వేరు, భాష వేరు. రాజ్యం మాత్రం ఒకరిదే.

కొండనీ తోటనీ మఠానికి దానమిచ్చింది థియెరీ అనే దొర. ముప్పయ్యేళ్ళ కిందటి మాట. దొర పోయాడు. కోట తగలబడినప్పుడు ఆయన దగ్గరున్న నకలు కూడా కాలిపోయింది. ఇక మిగిలింది మఠం పెట్టెలో ఉన్న ఒక్క చర్మపత్రమే. అందులో తూర్పు హద్దు ఇలా ఉంది: చీలిన బండ నుంచి ఊట వరకు.

వరకు అంటే ఊట దగ్గర ఆగినట్టే. ఊటతో సహా అని ఉంటే వేరు.

మఠంలో పత్రాలన్నీ రాసేది లాంబెర్టే. తండ్రి ఫ్రాంకు సైనికుడు, తల్లి సిరియా మనిషి. లాటిన్ రాస్తాడు, అరబ్బీ మాట్లాడతాడు. ముఖ్యమైన పత్రమేదైనా ఉంటే బిషప్ గారి దగ్గర్నుంచి కూడా అతని కోసం కబురొచ్చేది. ఊట మీద దావా వేద్దామని మఠం సభలో పట్టుబట్టింది అతనే. ఎల్లుండి బిషప్ గారి న్యాయాధికారి మఠానికి వచ్చి పత్రం చూస్తాడు.

మధ్యాహ్నం అందరూ ప్రార్థనలో ఉండగా, లాంబెర్ట్ చాకుతో ఆ అక్షరాలు గీకేశాడు. సుద్దపొడి రుద్ది, పాత రంగు వచ్చేలా సిరాని పలచన చేసి, కొత్త మాట రాశాడు. ఆరాక చూస్తే రాసిన తనే పోల్చుకోలేకపోయాడు.

పత్రం తీసుకుని మఠాధిపతి దగ్గరికి వెళ్ళాడు.

మఠాధిపతి ఎవ్రార్ తండ్రికి డెబ్బై దాటాయి. చూపు మందగించింది. కిటికీ దగ్గర కూర్చుని చిక్కుళ్ళు వలుస్తున్నాడు.

"తండ్రీ, విచారణకి పత్రం సిద్ధంగా ఉంది. హద్దులు స్పష్టంగా ఉన్నాయి."

ముసలాయన చేతులు తుడుచుకుని పత్రాన్ని ఒళ్ళో పరుచుకున్నాడు. చదవలేదు. బొటనవేలితో ఒక్కో వరుసా తడుముతూ పోయాడు. తూర్పు హద్దు దగ్గర వేలు ఆగింది. కాస్త వెనక్కి వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది.

గీకిన తోలు ఎంత రుద్దినా గరుకుగానే ఉంటుంది. ఆ సంగతి లాంబెర్ట్‌కి నేర్పింది ఆయనే.

ఇప్పుడు ఆయన అడుగుతాడు అనుకున్నాడు లాంబెర్ట్. అడిగితే ఏం చెప్పాలో కూడా అనుకునే వచ్చాడు: నా ఒళ్ళో పోయిన మనిషి పేరైనా నాకు తెలియదు తండ్రీ, అతనికి గుక్కెడు నీళ్ళు పోయలేకపోయాను.

ఆయన అడగలేదు. పత్రం చుట్టి అతని చేతికిచ్చాడు.

"రేపు ఊళ్ళోకి వెళ్ళి ఇది చదివి వినిపించి రా. వాళ్ళ భాషలో."

"ఎవరికి?"

"ఊట దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళకి."

"విచారణకి ముందు అవతలివాళ్ళకి పత్రం చూపించడం ఎక్కడా లేదు తండ్రీ!"

"చూపించమనలేదు. చదవమన్నాను," అన్నాడు ఆయన. మళ్ళీ చిక్కుళ్ళు అందుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే లాంబెర్ట్ కొండ దిగాడు. ఊట దగ్గర అప్పటికే పాతికమంది ఉన్నారు. అతని చేతిలో పత్రం చూసి మాటలు ఆపేశారు. ఒకావిడ నెత్తిమీద కుండ దించుకుంది. పొలం నుంచి మట్టికాళ్ళతో వచ్చాడు ఖూరీ సాబా. ఖూరీ అంటే అక్కడి మాటలో పూజారి. యాభై దాటిన మనిషి, ఆరుగురు పిల్లల తండ్రి.

"చదవడానికి వచ్చారా? మాకు?" అన్నాడు సాబా. నమ్మలేనట్టుగా. "ఇన్నేళ్ళలో ఏ పత్రమూ ఎవరూ మాకు చదివి చెప్పలేదయ్యా."

కూర్చోమని రాతిగట్టు తుడిచాడు. తన తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టాడు.

లాంబెర్ట్ చదవడం మొదలుపెట్టాడు. దొర పేరు, ఆయన భార్య పేరు, సాక్షుల పేర్లు. ఉత్తరం హద్దు. దక్షిణం హద్దు. చదువుతున్నకొద్దీ గొంతు చిన్నదైంది.

"ఇక ఊట వస్తుందా?" అన్నాడు సాబా. "ఆ ముక్క కాస్త గట్టిగా చదవండయ్యా. మా అమ్మకి చెవుడు."

ముసలమ్మ చెయ్యి చెవికి ఆనించుకుని అతని పెదాల వైపే చూస్తోంది. లాంబెర్ట్ తల్లి కట్టుకునేలాగే తలకి గుడ్డ కట్టుకుంది.

పత్రంలో 'ఊటతో సహా' అని ఉంది. తను రాసిందే. పలికితే చాలు.

"చీలిన బండ నుంచి," అన్నాడు లాంబెర్ట్. ఆగాడు. "ఊట వరకు."

"వరకు," అని సాబా తల్లి చెవిలో గట్టిగా చెప్పాడు. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఎవరో నవ్వారు. కుండ దించినావిడ ఏడుస్తూ కుండ ఎత్తుకుంది.

కొండెక్కుతూ లాంబెర్ట్ తనకి తనే సర్ది చెప్పుకున్నాడు. వాళ్ళ మొహాలు చూస్తూ ఆ మాట అనలేకపోయాను, అంతే. రేపు మాట్లాడేది నేను కాదు, పత్రం. పత్రం లాటిన్‌లో ఉంది.

"చదివావా నాయనా?" అని అడిగాడు ఎవ్రార్ తండ్రి.

"చదివాను."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది లాంబెర్ట్‌కి.

మూడోరోజు మఠం భోజనాల గదిలో విచారణ జరిగింది. న్యాయాధికారికి అరబ్బీ రాదు. ఆయన గుమస్తాకీ రాదు. కాబట్టి దుబాసీ లాంబెర్టే. బల్లకి ఒకవైపు మఠంవాళ్ళు, ఇంకోవైపు సాబా, ఊరిపెద్దలు నలుగురు. బల్ల మీద సువార్త గ్రంథం, దాని పక్కన చుట్టి ఉన్న పత్రం.

"ఊట ఎవరిదో ప్రమాణం చేసి చెప్పమను," అన్నాడు న్యాయాధికారి.

సాబా చెయ్యి కడుక్కుని సువార్త మీద పెట్టాడు. ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాడు.

"ఏమంటున్నాడు?"

లాంబెర్ట్ లాటిన్‌లోకి మార్చాడు. "ఊట మాది అంటున్నాడు. మా తాతలనాటి నుంచీ మాది అంటున్నాడు."

"అంతేనా? చాలాసేపు మాట్లాడాడే."

లాంబెర్ట్ ఎవ్రార్ తండ్రి వైపు చూశాడు. ఆయన ఇతన్ని చూడటం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"ఇంకా..." అన్నాడు లాంబెర్ట్. "మఠం పత్రంలో కూడా ఊట వరకు అనే ఉంది అంటున్నాడు."

న్యాయాధికారి పత్రం విప్పాడు. వేలితో వరుసలు లెక్కపెడుతూ తూర్పు హద్దు దగ్గరికి వచ్చాడు. మొహం బిగుసుకుంది.

"ఇక్కడ ఊటతో సహా అని ఉంది. సువార్త మీద చెయ్యి వేసి అబద్ధమాడాడు! ఇలాంటివాడు రేపటి నుంచి బలిపీఠం దగ్గర నిలబడటానికి వీల్లేదు. ఆ గుడి తాళాలు కూడా మనమే తీసుకోవాలి. పత్రంలో అలా ఉందని ఎవరు చెప్పారో అడుగు."

లాంబెర్ట్ అడిగాడు.

సాబాకి ఏదో జరిగిందని అర్థమైంది. ఏం జరిగిందో తెలియలేదు. కోపం లేదు ఆయన మొహంలో. ఆశ్చర్యం ఉంది.

"మీరే కదయ్యా చదివింది," అన్నాడు. "చెప్పండి ఆయనకి."

ఆ మాట అర్థమైనవాళ్ళు ఆ గదిలో ఊరివాళ్ళు తప్ప మరొక్కడే ఉన్నాడు. ఊరివాళ్ళకి లాటిన్ రాదు.

న్యాయాధికారి గుమస్తా కలం సిరాలో ముంచి ఎదురుచూస్తున్నాడు.

"నేను," అన్నాడు లాంబెర్ట్. "నేను చెప్పాను. ఆ పత్రంలో మొదట ఉన్నది ఊట వరకు అనే. మొన్న మధ్యాహ్నం నేను గీకి మార్చాను. తడిమి చూడండి, తెలుస్తుంది. ఆయన ప్రమాణం నిజం."

మఠంవాళ్ళలో ఎవరో బల్ల తోసుకుని లేచారు. న్యాయాధికారి బొటనవేలితో ఆ చోటు రుద్ది చూశాడు.

"తండ్రీ," అన్నాడు ఎవ్రార్ వైపు తిరిగి. "ఇది మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నారా?"

"ఊరుకోలేదు. చదివి రమ్మని పంపాను. అతను తిరిగొచ్చాక విచారణ రోజుదాకా పత్రం నా దగ్గరే ఉంది. కాబట్టి తప్పు ఒక్కడిదే అని రాయించకండి. నా పేరు కూడా రాయించండి."

గుమస్తా రెండు పేర్లూ రాశాడు. బిషప్ గారు ఏ శిక్ష వేస్తే ఆ శిక్ష. తూర్పు హద్దు ఊట వరకే. పాడైన పత్రం బదులు కొత్తది ఇక్కడే, ఇప్పుడే రాయాలి. "రాయడం మాత్రం నా గుమస్తా చేస్తాడు," అన్నాడు న్యాయాధికారి. "ఈ చేతిని ఇక ఎవరు నమ్ముతారు?"

సాబా లాంబెర్ట్ భుజం తట్టాడు. "ఏమంటున్నారయ్యా? మాకూ చెప్పండి."

లాంబెర్ట్ చెప్పాడు. తను చేసిందంతా చెప్పాడు. ఊరు గెలిచిందని చెప్పాడు. కొత్త పత్రం తను రాయకూడదంటున్నారని కూడా చెప్పాడు.

ఊరిపెద్దల్లో ఒకాయన ఉమ్మేయబోయి, సువార్త గ్రంథం చూసి ఆగాడు. సాబా మిగతావాళ్ళతో గుసగుసగా ఏదో అనుకున్నాడు. వాళ్ళు కాదన్నారు. ఆయన మళ్ళీ చెప్పాడు. కాసేపటికి ఇటు తిరిగాడు.

"ఆయనే రాయాలని చెప్పండి."

"ఎవరు?" అన్నాడు లాంబెర్ట్.

"మీరే. వేరేవాళ్ళు రాస్తే మేం పత్రం మీద గుర్తు పెట్టం. మాకు చదవడం రాదయ్యా. ఇందాక మీరు ఒక్క మాట మింగేసి ఉంటే ఈ గదిలో ఎవరికీ తెలిసేది కాదు."

లాంబెర్ట్ ఆ మాటల్ని లాటిన్‌లోకి మార్చడానికి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. న్యాయాధికారి సాబాని ఎగాదిగా చూశాడు. ఊరివాళ్ళు గుర్తు పెట్టకపోతే పత్రం చెల్లదు. సరేనన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఇంకో మాట కూడా అందులో రాయండి," అన్నాడు సాబా. "జబ్బు మనుషుల గదికి రోజూ ఇరవై కుండల నీళ్ళు ఊరు ఇస్తుంది. మా ఆడవాళ్ళే తెచ్చి పోస్తారు."

లాంబెర్ట్ ఆయన మొహంలోకి చూడలేకపోయాడు.

"అడిగుంటే అప్పుడే ఇచ్చేవాళ్ళం," అన్నాడు సాబా. "మీరు దావా వేశారు."

కొత్త తోలు పరిచారు. సిరా తెచ్చి పెట్టారు. మఠంవాళ్ళూ ఊరివాళ్ళూ బల్ల చుట్టూ నిలబడ్డారు. లాంబెర్ట్ కలం తీసుకున్నాడు. తోలు మీద మొన ఆనించకముందే ఒక సిరాచుక్క బల్ల మీద పడింది. రెండో చెయ్యితో మణికట్టు పట్టుకున్నాడు. అయినా ఆగలేదు.

ఎవ్రార్ తండ్రి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"తండ్రీ, చెయ్యి వణుకుతోంది," అన్నాడు లాంబెర్ట్, ఆయనకి మాత్రమే వినపడేలా.

"వణకనీ నాయనా," అన్నాడు ముసలాయన. "మెల్లగా రాస్తావు."