పదో ఆకు

బసప్పకు విసుగొచ్చి ఎన్నాళ్లో అయింది. మఠంలో ఉన్న పాత వైద్యపు తాటాకులను ఒక్కొక్కటే స్కానర్ కింద పెట్టి, బొమ్మ తీసి, కంప్యూటర్లో దాచడం అతని పని. ఉన్నట్టుండి తెర బిగుసుకుపోయేది. బాణం గుర్తు కదలదు, కీబోర్డు పలకదు. ఆర్పి మళ్లీ వెలిగిస్తే తీసిన బొమ్మ ఉండదు. అదే ఆకును రెండోసారి పరచబోతే చేతిలోనే పొడైపోయేది. అలా తొమ్మిది ఆకులు పోయాయి.

ఈ పనికి వాడే సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకు తొమ్మిది ఉత్తరాలు రాశాడు. అన్నిట్లోనూ ఒకటే మాట: "సిస్టం హ్యాంగ్ అవుతోంది. వెంటనే బాగుచేయండి." అటునుంచీ ఒకటే జవాబు: "ఎన్నింటికి ఆగింది? అప్పుడేం చేస్తున్నారు? ఆగాక ఏదైనా పలుకుతోందా?"

"చూడండి స్వామీ! దీనికేదో దయ్యం పట్టిందని నేను మొత్తుకుంటుంటే ఎదురు ప్రశ్నలేస్తారు" అన్నాడు గురువు సోమలింగస్వామి దగ్గర.

"దయ్యాన్నయినా పేరడిగే వదిలిస్తారప్పా."

స్వామి కాషాయం కట్టకముందు ముప్పై ఏళ్లు టెలిఫోన్ స్తంభాలెక్కినవాడు. మోకాళ్లు పట్టుకుని లేచి, వచ్చి బసప్ప పక్కన కూర్చున్నాడు.

పదో ఆకు పెట్టారు. బొమ్మ వచ్చింది, తెర బిగిసింది. రెండు మూడు నిమిషాలు చూసినా కదల్లేదు. బసప్ప చెయ్యి అలవాటుగా పవర్ బటన్ మీదికి పోయింది. స్వామి ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి! ఎన్నిసార్లు చంపుతావు దాన్ని?"

బసప్ప బిత్తరపోయాడు.

"తెర మూల గడియారం ఎంత చూపిస్తోంది?"

"పదకొండూ ఇరవై."

"గోడమీద?"

"పదకొండూ ఇరవై మూడు."

"రాసుకో. క్యాప్స్‌లాక్ నొక్కి, కీబోర్డు మీది దీపం వెలుగుతుందేమో చూడు."

"దీపం వెలగలేదు స్వామీ."

"అదీ రాసుకో."

పక్కగదిలో పూజల చీట్లిచ్చే కంప్యూటర్ ఉంది. స్వామి దాని ముందు కూర్చుని, రెండు వేళ్లతో మెల్లగా టైపు చేస్తూ, నెట్‌వర్క్ మీదుగా ఆ బిగిసిన కంప్యూటర్ని పిలిచాడు.

పలికింది.

ఆగేముందు అది తన గురించి తాను రాసుకున్న నాలుగు వరుసలు వచ్చాయి. "ఉత్తరంలో ఇవీ పెట్టు" అన్నాడు స్వామి. ఇంకొంత వెతికితే పదో ఆకు బొమ్మ కూడా దొరికింది, అంచులతో సహా.

"ఇది చావలేదా స్వామీ?"

"తెర ఒక్కటే బిగిసింది."

బసప్ప బల్లమీది పళ్లెం వైపు చూశాడు. పారేయడానికి చేతులు రాక, ఆ తొమ్మిది ఆకుల పొడినీ అందులోనే దాచి ఉంచాడు.

"అయితే... ఆ తొమ్మిదిసార్లూ బొమ్మ లోపలే ఉండేదా?"

"ఏమో. పలకరించినోళ్లు లేరు గదప్పా" అని స్వామి మోకాళ్లు పట్టుకుని లేచాడు.