ఎమిల్ ఓడిన మర్నాడు

బేస్‌బాల్ మానేస్తానని చెప్పడానికి ఎమిల్ క్రౌజ్ తన గురువుగారి ఇంటికి వెళ్ళాడు.

అతనికి పంతొమ్మిదేళ్ళు. అమెరికాలోని ఒహాయోలో, ఓ మిల్లుల ఊళ్ళో, ఆటగాళ్ళకి జీతాలిచ్చి ఆడించే జట్టు ఉండేది. అందులో చేరి రెండు నెలలే అయింది. అది 1908వ సంవత్సరం. ముందురోజు మధ్యాహ్నం సొంత మైదానంలోనే, నాలుగు వేలమంది చూస్తుండగా, ఆ జట్టు ఒక్క పరుగు తీసి ఇరవై మూడు ఇచ్చుకుంది.

ఆ ఇరవై మూడూ ఎమిల్ విసిరిన బంతుల మీద వచ్చినవే. బంతి విసిరే మిగతా ఇద్దరూ జ్వరంతో మంచం పట్టారు. అతన్ని తప్పించి నిలబెట్టడానికి ఇంకొకడు లేడు.

ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్. ఐదో ఇన్నింగ్స్‌కి జనం తిట్టడం మానేసి నవ్వడం మొదలుపెట్టారు. ఏడో ఇన్నింగ్స్‌లో మేనేజరు దగ్గరికొచ్చి, "ఇక చాలిద్దామా? ఓడిపోయామని అంపైరుకి చెప్పేస్తాను" అన్నాడు. ఎమిల్ వద్దన్నట్టు తల ఊపాడు. ఎందుకు ఊపాడో అతనికే తెలియదు.

గురువు పేరు ఏమోస్ టాలివర్. అరవై దాటిన మనిషి. బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని, బంతులు పట్టీ పట్టీ ఆయన వేళ్ళన్నీ వంకర్లు తిరిగిపోయాయి. ఎమిల్‌కి బంతి ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆయనే.

"మాస్టారూ, ఇంక నేను ఆడను."

"నిన్న చూశాను" అన్నాడు ఏమోస్.

"మీరొచ్చారా?"

"చివరిదాకా ఉన్నాను."

ఎమిల్ తల దించుకున్నాడు. "నా శిష్యుడని చెప్పుకోవడానికి మీకు సిగ్గుగా లేదూ?"

ఏమోస్ మేకుకి వేలాడుతున్న తోలు గ్లౌజు తీసుకుని పెరట్లోకి నడిచాడు. గోడ పట్టుకుని మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. ఆయన అలా కూర్చుని పదేళ్ళయింది.

"విసురు."

"చెయ్యి లేవడంలేదు మాస్టారూ."

"గట్టిగా అక్కర్లేదు. నాకు అందితే చాలు."

ఎమిల్ విసిరాడు. ముసలాయన పట్టుకున్నాడు.

"మొదటి ఇన్నింగ్స్. ఎర్రజుట్టువాడు. గాల్లోకి లేపి దొరికిపోయాడు."

బంతి వెనక్కి వేశాడు. ఎమిల్ మళ్ళీ విసిరాడు.

"ఆ తర్వాత పొడుగాయన. మూడుసార్లు ఊపాడు, ఒక్కటీ తగల్లేదు."

నాలుగో బంతికిగాని ఎమిల్‌కి అర్థం కాలేదు. మాస్టారు చెబుతున్నది తన బంతికి ఔటైనవాళ్ళని. వరసగా, ఒక్కణ్ణీ వదలకుండా.

ఎమిల్ ఇక విసరనని అనలేదు. ఆరో ఇన్నింగ్స్, ఏడో ఇన్నింగ్స్. అతని భుజం మండుతోంది. ముసలాయన చెమటలు కక్కుతున్నాడు, అయినా లేవడు.

"ఎనిమిదో ఇన్నింగ్స్. వాళ్ళ కెప్టెన్. అంతకుముందు నాలుగుసార్లు గోడదాకా కొట్టాడు. ఐదోసారి..."

"ఐదోసారి వంపు తిరిగే బంతి వేశాను మాస్టారూ!" అన్నాడు ఎమిల్. "బ్యాటు కింద నుంచి పోయింది!"

"చూశానన్నానుగా."

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మూడోవాణ్ణి కూడా చెప్పేసి ఏమోస్ గ్లౌజు విప్పాడు. ఇన్నింగ్స్‌కి ముగ్గురు. మొత్తం ఇరవై ఏడుమంది.

"నిన్న నా పక్కన కూర్చున్నాయన పడీ పడీ నవ్వాడు" అన్నాడు ఏమోస్. "ఎవరండీ ఆ అబ్బాయి అని అడిగాడు. లేచి నిలబడి, నా శిష్యుడని చెప్పాను."

ఏమోస్ గోడ పట్టుకుని లేవబోయాడు.

"లేవలేకపోతున్నాను. చెయ్యి ఇయ్యి."

ఎమిల్ గబుక్కున ముందుకొచ్చి ఎడమచెయ్యి చాచాడు.

"అది కాదు" అన్నాడు ముసలాయన. "నిన్న విసిరిన చెయ్యి."