పది ఒప్పుల ఆకు

నల్లకొండల నడుమ నేరేళ్లకోన అనే అడవి ఉంది. ఆ కోనలో పన్నెండు కుటుంబాలు కాపురం ఉండేవి. ఎలుగులు, నక్కలు, జింకలు, అడవిపందులు, కుందేళ్లు, ఉడుతలు, ఇంకా మరికొందరు. అందరి పిల్లలకూ ఒకటే బడి. ఆ బడికి ఒకతే పంతులమ్మ, ముళ్లపంది మాణిక్యమ్మ.

బడి అంటే మరేం లేదు, రెండు బండలు. కింది బండ మీద కూడికలు, తీసివేతలు, హెచ్చవేతలు, భాగహారాలు నేర్పేవారు. అవి బాగా వచ్చినవాళ్లు పై బండ ఎక్కేవాళ్లు.

శుక్రవారం సాయంత్రం పంతులమ్మ ఒక్కొక్కరికీ ఒక టేకాకు మీద పది లెక్కలు రాసి ఇచ్చేది. దాంతోపాటు తన ఒంటి మీది ముల్లు ఒకటి ఇచ్చేది. ముల్లుతో ఆకు మీద గీసి జవాబులు రాసి, సోమవారం పొద్దున తెచ్చి చూపించాలి. వరసగా మూడు వారాలు పదికి పది ఒప్పులు వస్తే పై బండ ఎక్కినట్టే.

కింది బండ మీద నక్కపిల్ల బంతి, ఎలుగుపిల్ల గుండు పక్కపక్కనే కూర్చునేవాళ్లు. భాగహారం అంటే ఇద్దరికీ చచ్చేంత భయం. బంతికి నాలుగు ఒప్పులొస్తే గుండుకి మూడు వచ్చేవి. మరుసటి వారం అటుది ఇటు అయ్యేది.

బంతి తల్లి పేరు మంగతాయి. ఆమెకు లెక్కలు కొట్టిన పిండి. కోనలో ఆమెను మించిన తెలివిగలది లేదని పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

ఒక ఆదివారం బంతి ఆకు ముందేసుకుని బిక్కమొహం పెట్టింది.

"ఇరవై నాలుగును ఆరుతో భాగిస్తే ఎంతే?" అని అడిగింది మంగతాయి.

"మూడు... కాదు కాదు, ఐదు."

"నక్కల ఇంట పుట్టి ఆ మాత్రం చెప్పలేవా? నలుగురూ వింటే నవ్వరూ?"

బంతి కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. మంగతాయి గుండె కరిగిపోయింది. ఆమె చెడ్డదేం కాదు పిల్లలూ. బిడ్డ ఏడిస్తే చూడలేదు. బిడ్డ ఓడిపోతే అసలే చూడలేదు.

"సరేలే, ఇలా తే. ఈ ఒక్క వారానికీ నేను రాసేస్తాను" అంది.

చిటికెలో పదీ చేసేసింది. పంతులమ్మకు అనుమానం రాకుండా ఎడమ చేత్తో వంకరటింకరగా, అచ్చం పిల్ల రాసినట్టే రాసింది. మరి నక్క కదా!

సోమవారం పదికి పది ఒప్పులొచ్చాయి. పంతులమ్మ బంతి వీపు తట్టింది. మంగతాయి ఆ ఆకు పట్టుకుని కోనంతా తిరిగింది. ఉడుతలకు చూపించింది, జింకలకు చూపించింది, అడగనివాళ్లకు కూడా చూపించింది.

రెండో వారం బంతి ఏడవనైనా లేదు. ఆకు తెచ్చి తల్లి ముందు పడేసి ఆటలకు పోయింది. మూడో వారమూ అంతే. "ఒక్క వారమే" అన్నది మూడు వారాలైంది.

పక్క గుహలో గుండు తల్లి అచ్చమ్మ ఉండేది. పాపం, అచ్చమ్మ బడి మొహం ఎరగదు. లెక్క వేళ్లు దాటిందంటే ఆమెకు కళ్లు తిరిగేవి. అయినా ప్రతి ఆదివారం కొడుకు పక్కన చతికిలబడేది.

"నాకేం తెలుసురా నాయనా, నువ్వే చెప్పు. ఇరవై నాలుగు తునికిపండ్లు ఆరుగురికి ఎలా పంచుతావు?"

గుండు పండ్లు తెచ్చి కుప్పలు పోసేవాడు. అచ్చమ్మ ఒక్కో కుప్పా తడిమి చూసేది. "ఒరేయ్, ఈ ఆఖరివాడికి తక్కువొచ్చిందే! వాడు ఊరుకుంటాడా?" అనేది. గుండు నాలిక్కరుచుకుని, ఆకు మీద రాసింది కొట్టేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. రెండు లెక్కలకే పూట గడిచిపోయేది. అచ్చమ్మ ఆవలించేది గానీ లేచేది కాదు.

మంగతాయి అటుగా వెళ్తూ ఆ ఆకు చూసి నవ్వింది. "ఏం వదినా, ఆకు మీద అడవికోళ్లు గీరిపోయాయా?"

"ఏం చెయ్యను వదినా, వాడికి తోడు నేనూ మొద్దునే" అని అచ్చమ్మ కూడా నవ్వేసింది. ఆ వారం గుండుకి ఆరు ఒప్పులొచ్చాయి.

బంతి పై బండ ఎక్కింది. ఎక్కిన మొదటి రోజే దానికి అర్థమైపోయింది, తనకేమీ అర్థం కావడం లేదని. ఇక రోజూ పొద్దున్నే కడుపునొప్పి. పరగడుపున శొంఠి నాకించినా తగ్గని నొప్పి అది.

"అమ్మా, నేను మళ్లీ కింది బండకే పోతానే" అంది ఒకరోజు.

"ఎక్కినదానివి దిగుతావా? నా పరువేం కాను!" అంది మంగతాయి.

ఇంతలో ఎండాకాలం వచ్చింది. వాగు ఎండిపోయింది. వాగు ఇసుకలో తవ్విన చెలమ ఒక్కటే కోనకంతా దిక్కు. రాత్రంతా ఊరిన నీటిని పొద్దున్నే ఆకుదొప్పలతో తోడి రాతితొట్టిలో పోసేవారు. దాన్ని పన్నెండు ఇళ్లకూ సమంగా పంచాలి. ఉడుతకూ దున్నలాంటి పందికీ ఒకటే వంతా అని అడక్కండి. ఉడుత ఇంట్లో నలభై మంది ఉన్నారు.

పంచే పని పై బండ పిల్లలది. రోజుకొకరు. పంచేవాళ్ల ఇల్లు అందరికన్నా ఆఖరున నీళ్లు పట్టుకోవాలి. అది ఆ కోన కట్టుబాటు.

ఒకరోజు బంతి వంతు వచ్చింది. పంతులమ్మ తొట్టిలో నీళ్లు కొలిచి, "తొంభై ఆరు దొప్పలు. ఇళ్లు పన్నెండు. ఇంటికెన్నో చూసి పంచు తల్లీ" అని చెప్పి మిగతా పై బండ పిల్లలతో బడికి వెళ్లిపోయింది.

బంతి తల దిమ్మెక్కిపోయింది. తొంభై ఆరు ఎటు పోయిందో తెలియదు. చెవిలో పన్నెండు అన్న మాట ఒక్కటే గింగుర్లాడుతోంది.

"ఇంటికి... పన్నెండు" అంది.

వరసలో ఆఖరున కొత్తగా పుట్టిన నాలుగు పిల్లలతో నిలబడ్డ మంగతాయి గుండె గుభేలుమంది. 'అయ్యో, పన్నెండు కాదే, ఎనిమిది!' నోరు తెరవబోయింది. 'మరి పదికి పది ఎలా వచ్చాయి?' అని ఎవరైనా అడిగితే? తెరిచిన నోరు మూసేసుకుంది. నీళ్లు ఎలాగో సరిపోతాయేమోలే అనుకుంది. అంత లెక్క తెలిసినది అలా ఎలా అనుకుందో!

ముందున్నవాళ్లకు పన్నెండేసి దొప్పలు వస్తుంటే వాళ్లెందుకు కాదంటారు? సంతోషంగా పట్టుకున్నారు. అచ్చమ్మ కూడా పట్టుకుంది. గుండు మాత్రం కుండ దగ్గర నిలబడక, పక్కన కూర్చుని ఇసుకలో ఏవో గీతలు గీస్తున్నాడు. వాడి లెక్క ఎప్పుడూ ఆలస్యమే.

ఎనిమిది ఇళ్లు అయ్యేసరికి తొట్టి అడుగు కనిపించింది. ఇంకా నాలుగు ఇళ్లు మిగిలాయి. జింకలు, కుందేళ్లు, అడవిపందులు, ఆఖరున నక్కలు. మంగతాయి పిల్లలు నాలుకలు బయటపెట్టి ఒగరుస్తున్నాయి.

"పది ఒప్పుల పిల్లవట! ఇదేనా నీ తెలివి?" అని అడవిపంది భద్రయ్య గర్జించాడు. "దీన్ని పై బండ మీంచి దించండి. ఇక జన్మలో దీని చేతికి దొప్ప ఇవ్వకండి!"

తలా ఒక మాట అన్నారు. మొద్దు అన్నారు, పొగరు అన్నారు. బంతి చేతిలో దొప్పతో అలాగే నిలబడింది. 'ఆ ఆకులు నేను రాయలేదు, మా అమ్మ రాసింది' అని ఒక్క మాట అంటే చాలు, అందరూ దాన్ని వదిలేసేవారు. బంతి ఆ మాట అనలేదు. తల్లి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

అది చూసి మంగతాయికి తల కొట్టేసినట్టయింది. 'నా పరువు కోసం నా బిడ్డ ఇన్ని మాటలు పడుతోందా!' అనుకుంది. వరస దాటుకుని ముందుకు వచ్చి బిడ్డను దగ్గరకు తీసుకుంది.

"ఆపండయ్యా! ఆ మూడు ఆకులూ నేను రాశాను. దీని చేత ఒక్క లెక్క చేయించలేదు. కింది బండకు పోతానని ఇది మొత్తుకుంటే నేనే పోనివ్వలేదు. అనాల్సింది నన్ను అనండి."

అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. బంతి, తల్లి మెడలో మొహం దాచుకుని అప్పుడు ఏడ్చింది, ఇన్నాళ్ల ఏడుపూ.

"అత్తా, అత్తా, ఉండు!" అని గుండు పరుగెత్తుకొచ్చాడు. "ఇంటికి ఎనిమిదే రావాలి. తీసుకున్నవాళ్లు తలా నాలుగు దొప్పలు తిరిగి పోస్తే అందరికీ సరిపోతుంది!"

"మా నీళ్లు మేమెందుకు పోస్తాం?" అని ఉడుతలు కుండను వెనక్కి దాచుకున్నాయి.

"అదెలారా? నాకు అర్థమయ్యేలా చెప్పు" అంది అచ్చమ్మ, అలవాటు కొద్దీ.

"పన్నెండులో ఎనిమిది పోతే నాలుగు ఎక్కువ తీసుకున్నాం కదమ్మా. అలా తీసుకున్నవి ఎనిమిది ఇళ్లు. ఎనిమిది నాలుగులు..."

"ముప్పై రెండు" అంది బంతి, కళ్లు తుడుచుకుంటూ. అందరూ దాని వైపు చూశారు. "నీళ్లు రాని ఇళ్లు నాలుగు. ఇంటికి ఎనిమిదేసి. అదీ ముప్పై రెండే!"

"ఓహో, నాకే అర్థమైందంటే ఇక లెక్క సరైనదే" అని అచ్చమ్మ తన కుండలోంచి నాలుగు దొప్పలు తీసి తొట్టిలో పోసింది. ఆమె పోశాక మిగతావాళ్లు పోయక తప్పలేదు. ఉడుతలు సణుక్కుంటూ అందరికన్నా ఆఖరున పోశాయి. జింకలకూ, కుందేళ్లకూ, పందులకూ దక్కాక, చివరికి నక్కపిల్లలూ నీళ్లు తాగాయి.

సోమవారం బంతి తనంతట తానే కింది బండ మీదికి వచ్చి కూర్చుంది. కొందరు నవ్వారు. నాలుగు రోజులు నవ్వి మానేశారు. మంగతాయిని చూసి మాత్రం ఇంకొంచెం ఎక్కువ రోజులే నవ్వారు. ఆమె ఆ నవ్వులన్నీ ఓర్చుకుంది. తొలకరి నాటికి గుండుకి వరసగా మూడు వారాలు పది ఒప్పులొచ్చాయి. వాడు పై బండ ఎక్కుతుంటే అచ్చమ్మ కింద నిలబడి ఆ మూడు వారాలనూ వేళ్ల మీద మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంది.

ఇక మంగతాయి పాట్లు వినాలి. ఆదివారం బంతి పక్కన కూర్చుని జవాబు చెప్పకుండా ఉండాలంటే ఆమెకు నాలుక దురద పెట్టేది. ఒకరోజు బంతి గింజలు ముందేసుకుని నలభై రెండును ఏడుతో భాగిస్తోంది. ఐదు అని రాసింది, కొట్టేసింది. ఎనిమిది అంది, కాదంది. మంగతాయి ఇక ఆగలేక నోరు తెరిచింది.

"అమ్మా! చెప్పకే! వచ్చేస్తోంది!" అని అరిచింది బంతి.

మంగతాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. బంతి కాసేపు గింజలు అటూ ఇటూ జరిపి, "ఆరు!" అంది. ఎలా వచ్చిందో మొదటినుంచీ చివరిదాకా తల్లికి పూసగుచ్చినట్టు చెప్పింది.

ఆ వారం బంతికి ఐదు ఒప్పులే వచ్చాయి. ఆ ఐదూ బంతివే.

నీతి: బిడ్డ లెక్క పెద్దలు చేసిపెడితే ఒప్పులు పెరుగుతాయి గానీ బిడ్డ ఎదగదు. పక్కన కూర్చుని ఓపికగా చేయిస్తే, ఆలస్యంగా వచ్చినా ఆ చదువు నిలుస్తుంది.