వాల్‌ఫ్రియు గిన్నెతల్లి: దీపం లేని గుడి

పోర్చుగల్ దేశపు ఈశాన్య మూలన, అక్కడివారు 'కొండల అవతలి సీమ' అని పిలుచుకునే రాతినేలలో, వాల్‌ఫ్రియు అనే చిన్న ఊరున్నది. ఆ పేరుకు చలిలోయ అని అర్థం. చలికాలంలో వెళ్ళినవారికి ఆ అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. బస్సు దిగి, ఆలివ్ తోటల నడుమ రాళ్ళు పరిచిన దారిన పైకి నడిస్తే, మోటు రాతిగోడలూ పలకరాళ్ళ కప్పూ ఉన్న గుడి కనబడుతుంది. అందులో కొలువైన మరియమాతను 'సెన్యోరా ద మాల్గ' అంటారు. మాల్గ అంటే చారు తాగే మట్టిగిన్నె. మన మాటల్లో గిన్నెతల్లి.

దూరాన్నుంచి వచ్చే భక్తులకు ముందుగా ఒక మాట. పూజవేళ పాదిరిగారి బల్లమీద పెట్టే కొవ్వొత్తులు తప్ప ఈ గుడిలో దీపమనేది వెలిగించరు. వెండి దీపాలు మోసుకొచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, గుడివారిని బతిమాలవద్దు. మీరు తెచ్చిన నూనెను వెనక వంటసాలలో ఇచ్చి వెళ్ళండి. ఇది విని కొందరు యాత్రికులు ముఖం చిట్లించుకుంటారు, అమ్మవారిని చీకట్లో ఉంచుతారా అని గొంతు పెంచుతారు. కోపగించుకునే హక్కు ఈ గుడిలో ఇంకొకరిది. కథ విన్నాక మీరే ఒప్పుకుంటారు.

పూర్వం ఇక్కడ కూడా దీపం ఉండేది. అల్లాటప్పా దీపం కాదు, నీళ్ళబిందె అంత ఇత్తడి దీపం. ఉత్సవాల పెత్తనం చూసేవాణ్ని ఆ సీమలో మోర్దోము అంటారు. ఆ రోజుల్లో బల్తజార్ అనే ఆసామి మోర్దోముగా ఉండేవాడు. రాత్రింబవళ్ళు ఆ దీపం వెలగాలనీ, దాని వెలుగు లోయ అవతలి ఊళ్ళకు కనబడాలనీ అతడి పట్టుదల. అంతా తల్లి మహిమ కోసమే అనేవాడు గాని, వాల్‌ఫ్రియు పేరెత్తితే తల్లికన్న ముందు తన పేరే వినబడాలని అతడి ఆశ. పాదిరి సిమావ్ గారు మెత్తని మనిషి. ఆయన రోజూ భోజనం చేసేది బల్తజార్ ఇంట్లోనే కాబట్టి, మరీ మెత్తబడిపోయారు.

ఒక ఏడు పూత మీద మంచు కురిసి ఆలివ్ కాపు పోయింది. గానుగ పట్టుమని పది రోజులు తిరగలేదు. దీపానికి నూనె తక్కువవుతుందని తోచగానే బల్తజార్ ఇంటింటికీ కబురు పంపాడు. ఉన్న నూనె అంతా గుడి పీపాలో పొయ్యాలి. పొయ్యని ఇంట్లో ఎవరైనా పోతే గంట మోగదు. చావుకు గంట మోగదంటే ఎంతటివాడికైనా గుండె జారుతుంది. జనం కిక్కురుమనకుండా తెచ్చి పోశారు.

ఆ నూనె వాళ్ళకేమిటో ఇక్కడ చెప్పుకోవాలి. ఆ ఊళ్ళో 'కాల్దు' లేకుండా పూట గడవదు. సన్నగా తరిగిన ఆకుకూర, ఎండబెట్టిన చెస్ట్‌నట్ పప్పు, ఇంత ఉప్పు వేసి ఉడకనిచ్చి, గిన్నెలో పోసుకున్నాక పైన ఆలివ్ నూనె ధారగా వేసుకుంటారు. పక్కన నల్లరొట్టె ముక్క. ఆ ధార పడితేనే అది భోజనం. లేకపోతే ఆకులు ఉడికిన వేడినీళ్ళు. ఆ ఏడు ఊరంతా వేడినీళ్ళే తాగింది. గుడిలో మాత్రం బిందెడు నూనె పగలూ రాత్రీ భగభగా మండింది.

ఊరి చివర జెనోవేవా అనే విధవరాలు ఉండేది. ఆమెకు సొంతంగా ఒక్క ఆలివ్ చెట్టు కూడా లేదు. ఆసాములు కాయలు రాల్చుకుని వెళ్ళిపోయాక, గడ్డిలో మిగిలినవి ఏరుకోవడానికి లేనివాళ్ళకు హక్కుండేది. గడ్డకట్టిన నేలలో వేళ్ళు పగిలి నెత్తురోడుతున్నా ఏరి, గానుగ ఆడించి, చిన్న కుండెడు నూనె సంపాదించింది. ఎవరికోసం? కోడలు ఫిలిపా కోసం. కొడుకు దోరు నది ఒడ్డున ద్రాక్షతోటల పనికి వెళ్ళాడు. ఫిలిపా పచ్చిబాలింత. పాలు పడటం లేదు. పసిపిల్ల రొమ్ము చీకి చీకి, ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది. కోడి కోసిపెట్టే స్తోమత లేని ఇంట్లో బాలింతకు నూనె పోసిన కాల్దే బలం.

జెనోవేవా చారు పొయ్యిమీద పెట్టిందో లేదో, బల్తజార్ మనుషుల్ని వెంటేసుకుని గుమ్మంలో దిగాడు.

"అమ్మవారి సొత్తు దాచుకున్నావటగా?"

"అమ్మవారిది కాదయ్యా, నా వేళ్ళు పగిలి తెచ్చుకున్నది. ఇంట్లో బాలింత ఉంది. చూస్తూనే ఉన్నారుగా, పాలు లేవు."

ముసలామెతో వాదించి లాభం లేదని అతడు మంచంమీది ఫిలిపావైపు తిరిగాడు. మెల్లగా, ఎంతో మంచివాడిలాగా అన్నాడు: "చూడమ్మాయ్, దీపం నూనె తిన్నవాళ్ళకు మంచి జరగదు. నీకేమన్నా అయితే సరే. బిడ్డకు చుట్టుకుంటే?"

ఫిలిపా మంచం దిగింది. కుండను తన చేతులతో తనే తీసి ఇచ్చేసింది.

జెనోవేవాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నూనె పోయినందుకు కాదు. ఒంట్లో నెత్తురు లేని కోడలిని, ఒళ్ళోని బిడ్డను చూపించి బెదిరించి, దాని చేతులతోనే ఇప్పించుకున్నాడు. పైగా అమ్మవారి పేరు చెప్పి. ఆమె తలమీద శాలువా లాక్కుని నేరుగా గుడికి నడిచింది.

అప్పట్లో అమ్మవారి కొయ్యస్వరూపం కుడిచేయి దీవిస్తున్నట్టు పైకెత్తి ఉండేది. ఎడమచేతిమీద బాలయేసు. ఇద్దరి ముఖాలూ దీపపు మసి పట్టి నల్లగా ఉన్నాయి. జెనోవేవా మోకరించలేదు, జపమాల తియ్యలేదు. నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నీ చేతిలో ఉన్నది బిడ్డే కదా? పాలిచ్చి పెంచినదానివేగా? పాకలో కన్ననాడు నీకెవరైనా ఇంత వేడి చారు పోశారో లేదో నాకు తెలీదు. పోసి ఉంటే మాత్రం దీపంలో పొయ్యమని అని ఉండవు. మరి నా కోడలి నోటిముందు కూడు లాక్కుపోతుంటే చెయ్యెత్తి దీవిస్తూ నిలబడ్డావే. ఎవరిని దీవిస్తున్నావమ్మా?"

అడగవలసినవన్నీ అడిగి, అలసిపోయి గోడకు చేరగిలబడింది. కునుకు పట్టింది. ఆ పట్టపగటి కునుకులో ఒక స్త్రీ కనబడింది. ఊరి ఆడవాళ్ళలాగే నల్లశాలువా, చంకలో దగ్గుతున్న పిల్లవాడు. శాలువా అంచుతో కళ్ళు తుడుచుకుంటూ, మంచి కోపంమీద ఉన్నది.

"ఎవరడిగారు ఈ దీపం? పొగకు నా కళ్ళు పోతున్నాయి. పిల్లవాడికి దగ్గు తగ్గడం లేదు. మీ చారులో నూనె లాక్కుని, ఆ దొంగతనం నా నెత్తిన రుద్దుతున్నారు. నువ్వు తిట్టినవన్నీ నేను అనుకుంటున్నవే. గిన్నె తెచ్చుకో, నీది నువ్వు తీసుకెళ్ళు."

మర్నాడు ఆదివారం. ఊరంతా పూజలో ఉండగా జెనోవేవా మట్టిగిన్నె, చెక్కగరిటె పట్టుకుని వచ్చింది. జనం కూర్చునే బల్ల ఎక్కి, పైన వేలాడే దీపంలోని నూనె గరిటెతో తోడుకున్నది. వత్తి చిటపటమని ఆరిపోయింది. గుడిలో గగ్గోలు పుట్టింది. ఆమె కల సంగతి చెబితే, పగటికలలు కని గుడి దోచుకుంటావా అని బల్తజార్ మండిపడ్డాడు. దీపం మళ్ళీ వెలిగించమని పాదిరిగారు ఆజ్ఞాపించారు. వత్తి మార్చారు, పీపాలో నూనె తెచ్చి నింపారు, నిప్పులు తెచ్చి ఊదారు. వెలగలేదు.

మహిమ జరిగిపోయింది, ఇక అంతా సుఖాంతమే అనుకోవద్దు. వాళ్ళు వత్తితో తంటాలు పడుతుండగా జెనోవేవా గిన్నెతో ఇంటికి చేరింది. అసలు కష్టం అక్కడ ఎదురైంది. వేడి కాల్దులో ఆ నూనె పోసి ఇస్తే, ఫిలిపా మొహం గోడవైపు తిప్పుకున్నది.

"వద్దత్తా. దీపంలో నూనె అది. పిల్లకేమన్నా అయితే?"

"అమ్మవారే ఇమ్మన్నదే, పిచ్చిదానా. కలలో చెప్పింది."

"నీకు చెప్పింది. నాకు చెప్పలేదుగా."

ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి, ముందు పొగలు కక్కే గిన్నె ఉన్నది, అయినా ఫిలిపా నోరు తెరవదు. నూనె దొంగిలించినవాణ్ని ఏ దేవుడైనా క్షమిస్తాడేమో. తల్లి మనసులో అన్నంమీద భయం నాటినవాణ్ని క్షమించమని చెప్పడానికి మాకు నోరు రావడం లేదు.

జెనోవేవా ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో కోడలి రెక్క పట్టుకుని మళ్ళీ గుడికి బయలుదేరింది. ఫిలిపా బిడ్డను గుండెకు హత్తుకుని, తూలుతూ వెంట నడిచింది. జనం ఇంకా అక్కడే ఉన్నారు. బల్తజార్ ఇంకా వత్తి ఊదుతూనే ఉన్నాడు.

"అమ్మా, ఇది నా మాట వినడం లేదు," అన్నది జెనోవేవా గిన్నెను అమ్మవారి ముందుకు చాపి. "నీ పేరు చెప్పి ఆయన భయపెడితే నమ్మింది. నువ్వే చెప్పు. చెప్పలేకపోతే, నీకూ ఆయనకూ తేడా ఏమిటో ఈ పూట నాకు తెలియాలి."

అప్పుడు పైకెత్తి ఉన్న ఆ కొయ్యచెయ్యి కిందికి దిగింది. కిర్రుమన్న చప్పుడు తలుపు దగ్గరున్నవాళ్ళు కూడా విన్నారని చెబుతారు. అరచెయ్యి వెల్లకిలా తెరుచుకుని గిన్నె అడుగున ఆనింది. గిన్నెను ఫిలిపా ముందుకు చాపి ఆగింది.

ఫిలిపా అక్కడే మెట్టుమీద కూలబడి తిన్నది. ఆమె గుటకలే వినబడ్డాయి. బల్తజార్ టోపీ తీసి, నూనెకూజా పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"నూనె సరిపోయిందా, తల్లీ?"

నిన్నటివరకు అతడి ముందు తల ఎత్తని పిల్ల. మూతి తుడుచుకున్నది. గిన్నెలోకి చూసింది. తరువాత అతడి కళ్ళలోకి చూసింది.

"చాలదు," అన్నది. "ఇంకా పొయ్యి."

పోశాడు. సాయంత్రానికల్లా పీపాలోని నూనె వచ్చిన ఇళ్ళకే తిరిగి చేరింది. ఆ పూట పసిపిల్ల కడుపునిండా పాలు తాగి, రొమ్ము నోట్లో ఉండగానే నిద్రపోయిందని పెద్దలు చెబుతారు.

అమ్మవారి చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు. మీరు చూసే స్వరూపం అదే. ఫిబ్రవరి రెండో తేదీన, తక్కిన ఊళ్ళవారు మరియమాత ముందు కొవ్వొత్తులు వెలిగించుకునే పండుగనాడు, ఇక్కడ ఆరుబయట రాగి కొప్పెర పొయ్యిమీదకు ఎక్కుతుంది. భక్తులు తెచ్చిన కొత్త నూనె అంతా అందులోకే. ఇంటింటినుంచీ నల్లరొట్టెలు, పొగబెట్టిన మాంసం, మేకపాల జున్ను వస్తాయి. తిత్తి వాయిద్యానికీ డప్పుకీ మగవాళ్ళు మన కోలాటంలాగా కర్రలు తాటిస్తూ ఆడతారు. మొదటి గిన్నెను అమ్మవారి అరచేతిలో పెడతారు. అక్కడినుంచి దాన్ని పాలిచ్చే తల్లే తీసుకోవాలి. ఏ ఊరిదైనా, ఏ మతానిదైనా సరే. ఆ ఏటి మోర్దోము ఎంత గొప్ప ఆస్తిపరుడైనా టోపీ తీసి, కూజా పట్టుకుని ఆమె ముందు నిలబడతాడు. అందరూ తిన్నాక, ఏమైనా మిగిలితే తింటాడు.

ఈ కాల్దు తాగిన బాలింతకు పాలకు లోటుండదనీ, నూనె ఇచ్చినవారి ఇంట నూనెధార లేని చారు తాగే రోజు రాదనీ నమ్మకం. వచ్చే తల్లులకు గుడివారి మనవి ఒకటే. మోర్దోము నూనె సరిపోయిందా అని అడిగినప్పుడు, మొహమాటపడి చాలు అనవద్దు. ఇంతవరకు ఇక్కడ ఎవరూ అనలేదు. తల ఎత్తి, అతడి కళ్ళలోకి చూసి, అందరికీ వినబడేలా జవాబు చెప్పండి.