బండ దిగిన కంటకరాయలు

"వచ్చేశాడర్రో! చదువుకున్నోడు వచ్చేశాడు!"

బొరియల వీధి చివర తీతువు పిట్ట పెట్టిన కేక అది. మద్దికొండ అడవిలో ముళ్లపందులన్నీ ఆ వీధిలోనే కాపురం ఉండేవి. వీధికి ఎగువన పెద్ద బండ మీద జింకల కొలువు. వాగు అవతల కొంగ పంతులుగారి బడి.

కేక వినగానే గుబురమ్మ అనే ముళ్లపంది బొరియలోంచి ఒక్క ఉదుటున బయటికొచ్చింది. వచ్చేది ఆమె కొడుకు దుబ్బడు! ముళ్లపందుల్లో బడి గడప తొక్కిన మొదటివాడు. చదువుకుంటే ఏం మారుతుందో చూడాలని ఆ తల్లికి ఒకటే కుతూహలం.

మారకేం! ముళ్లన్నిటికీ తుమ్మబంక రాసి నున్నగా వెనక్కి దువ్వుకున్నాడు. బడిలో జతకూడిన జింకలు అటొకటి, ఇటొకటి నడుస్తున్నాయి.

"ఒరేయ్ దుబ్బడూ!" అంది గుబురమ్మ.

"నలుగురిలో అలా పిలవకే అమ్మా. నా పేరిప్పుడు కంటకరాయలు."

"అంటే ఏమిట్రా?"

"ముళ్లకు రాజు అని."

"మీ నాన్నకూ ఉండేవి కదరా ముళ్లు! ఆయన్ని ఎవరూ రాజు అనలేదే!"

వీధంతా ఘొల్లుమంది.

నవ్వారే గాని, ఒక్కరి కడుపులోనూ ఏమీ లేదు. ఆ ఏడు ఎండలకు తెలిసిన దుంపలన్నీ అయిపోయాయి. కొత్తచోట తవ్వుదామంటే ఏది తీపి దుంపో, ఏది విషపు దుంపో తెలియదు. పోయిన వారమే బుడ్డన్న తాత ఒకటి కొరికి, చావు తప్పి బయటపడ్డాడు. ఆ తేడా చెప్పేవాడి కోసమే వీధి వీధంతా ఎదురుచూస్తోంది.

దుబ్బడు తిన్నగా బండెక్కి జింకల మధ్య కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"తీగ కుడివైపుకు చుట్టుకుంటే తీపి దుంప. ఎడమవైపుకు చుట్టుకుంటే విషపు దుంప. వెళ్లి తవ్వుకోండి."

అందరూ ఉరికారు. మధ్యాహ్నానికి ఉసూరుమంటూ తిరిగొచ్చారు. "తీగలన్నీ ఎండకు మాడి రాలిపోయాయి నాయనా. ఇప్పుడెలా?"

"పాఠంలో తీగ ఉంది మరి," అన్నాడు దుబ్బడు.

"పోనీండి రాయలుగారూ, తమరిక మావాళ్లే. మేత ఆరగించండి," అని జింకలు గడ్డి పెట్టాయి. రాయలుగారు నమిలారు. గొంతులో అడ్డం పడి దగ్గారు. మర్నాడూ గడ్డే, మర్నాడూ దగ్గే. ఏం చేస్తాడు! పేరు మారింది గాని కడుపు మారలేదు.

మూడో రోజు గుబురమ్మ బండ కిందికొచ్చింది. తిట్టలేదు. తలెత్తి అడిగింది.

"ఒరేయ్, దుంప ఎక్కడుందో మాకు మట్టి వాసన చెబుతుంది. అది మంచిదో కాదో మాత్రం చెప్పదు. రాలిన ఆకుల కింద తీగ మొదలు జానెడైనా మిగిలి ఉండదూ? అదీ మెలి తిరిగే ఉంటుందా?"

దుబ్బడు బండ అంచుకు జరిగాడు. పంతులుగారు ఈ సంగతి చెప్పలేదు. "ఏమోనే అమ్మా. చూస్తే గాని తెలియదు."

"చూడాలంటే మట్టిలో మూతి పెట్టాలి మరి."

"వద్దండీ రాయలుగారూ, దుమ్మంటుకుంటుంది!" అంది ఒక జింక.

దుబ్బడు జింక వంక చూశాడు. అమ్మ డొక్కల వంక చూశాడు. చకచకా బండ దిగేశాడు.

గుబురమ్మ వాసన పట్టి, "ఇదిగో ఇక్కడ," అంది. దుబ్బడు ఆకుల్లోకి మూతి దూర్చాడు. తుమ్మబంక పెళపెళ ఊడిపోయింది, ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఎండుపుల్లను చుట్టుకుని జానెడు తీగ మిగిలే ఉంది!

"కుడివైపే! అమ్మా, కుడివైపే!"

ఇద్దరూ కలిసి తవ్వారు. బిందెంత దుంప బయటపడింది.

కొత్త దుంపను ముందు ముసలివాళ్లు కొరకాలని ఆ వీధి కట్టుబాటు. ఏదైనా అయితే పసివాళ్లకు కాకూడదని. బుడ్డన్న తాత ముందుకొచ్చాడు. దుబ్బడు అడ్డం నిలిచాడు.

"ఆగు తాతా. చెప్పింది నేను, కొరకాల్సిందీ నేనే."

కొరికాడు. వీధంతా అతని నాలుక వంకే చూసింది. ఎంతసేపటికీ నాలుక మండలేదు, కళ్లు తిరగలేదు.

"తీపి!" అన్నాడు నోటినిండా దుంపతో.

గుబురమ్మ దుంపను ముక్కలు చేసింది. బుడ్డన్న తాత పక్కకు జరిగి చోటిచ్చాడు. దుబ్బడు ఆ దుమ్ములోనే చతికిలబడ్డాడు. వీధి వీధంతా చుట్టూ కూర్చుని తినడం మొదలుపెట్టింది.

నీతి: చదువుకున్నవాడు తనవాళ్ల మధ్యకు దిగివచ్చి, వాళ్లకు తెలిసినది కూడా నేర్చుకున్నప్పుడే ఆ చదువు అందరి కడుపూ నింపుతుంది.