కల్వర్టు దగ్గర ఆగే బండి

త్రినాథ్ బండి మూడు ఆదివారాలుగా ఒకే చోట ఆగిపోతోంది.

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే, కాఫీ తోటలు మొదలయ్యే చోట మోచెయ్యిలా వంగిన మలుపు ఒకటుంది. అందులో చిన్న కల్వర్టు. అక్కడికొచ్చేసరికి ఇంజను పొలమారినట్టు రెండుసార్లు దగ్గి మూగబోతుంది. పదిహేను నిమిషాలాగితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ అందుకుంటుంది. ఆ తరవాత అనంతగిరి దాకా ఇంకెక్కడా ఆగదు.

అది మామూలు మోటారుసైకిలు కాదు. ముప్పై ఏళ్ళ నాటిది. నాలుగు సిలిండర్లు, ముందు గాలిని చీల్చే పెద్ద తొడుగు, వెనక రెండు పక్కలా సామాన్ల పెట్టెలు. పొద్దున్నించి సాయంత్రం దాకా నడిపినా నడుం నొప్పి తెలియనివ్వదు. మణికట్టు కాస్త తిప్పితే మాత్రం చిరుతలా దూకుతుంది. ఓడలో పనిచేసే తమ్ముడు ఏ దేశం నుంచో తెచ్చిస్తే, డాక్టర్ ఇమ్మానుయేల్ గారు దాన్ని ఇరవై ఏళ్ళు నడిపారు. మొన్న శ్రావణంలో ఆయన నిద్రలోనే పోయారు. వాకిట్లో దాన్ని చూస్తూ ఉండలేక ఆయన భార్య అమ్మేస్తే, త్రినాథ్ కొనుక్కున్నాడు.

త్రినాథ్‌కి నలభై ఏళ్ళు. విజయనగరంలో పాలిటెక్నిక్ పిల్లలకు ఇంజన్ల పాఠాలు చెబుతాడు. సెలవు వస్తే చాలు, శృంగవరపుకోటలో పైడయ్య మేస్త్రి మెకానిక్ షెడ్డుకి వెళ్ళి చొక్కా విప్పి శిష్యరికం చేస్తాడు.

పైడయ్యకు డెబ్భై దాటాయి. చదువు లేదు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. మాట్లాడేది తక్కువ.

కొన్న నాటి నుంచి త్రినాథ్ ఆ బండికి చెయ్యని మార్పు లేదు. హ్యాండిల్ రెండంగుళాలు పైకి లేపాడు. సైలెన్సరు మార్చాడు. సీటు చెక్కించి కొత్త తోలు కుట్టించాడు. ట్యాంకు ఎత్తి కింద నుంచి కొత్త వైర్లు లాగి మంచు దీపాలు బిగించాడు. పొగమంచులో దారి చూపాలి కదా మరి. నాలుగు నెలలు పట్టింది. అన్నీ అయ్యాక మొదటి ఆదివారం ఘాట్ ఎక్కించాడు. ఆగిపోయింది.

తరవాతి రెండు వారాలూ రాత్రీ పగలూ దాంతోనే గడిపాడు. కార్బొరేటర్లు నాలుగూ విప్పి కడిగాడు. ప్లగ్గులు, కాయిళ్ళు మార్చాడు. షెడ్డులో గంటసేపు నడిపినా ఇంజను తుమ్మలేదు. కల్వర్టు దగ్గర మాత్రం ఆగింది.

"విప్పని నట్టు లేదు గురువుగారూ," అన్నాడు త్రినాథ్. "ఈ బండి గురించి నాకు తెలియంది ఇంకేం మిగల్లేదు. అయినా ఆగుతోంది."

పైడయ్య ట్యాంకు మీద అరచెయ్యి పెట్టాడు.

"ఆ మలుపులో ఏటుంది?" అని అడిగాడు.

"ఎత్తు ఎక్కువ. రెండో గేరులో, సుమారు మూడు వేల…"

"బండి సంగతి కాదు. మలుపులో ఏటుంది?"

త్రినాథ్ తల దించుకున్నాడు. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పాఠాలు చెప్పేవాడి నోటి నుంచి రావలసిన మాట కాదది.

"కల్వర్టు గోడ మీద ఒక అడ్డాకు డొప్ప ఉంటోంది గురువుగారూ. అందులో చోడంబలి. మూడు సార్లూ ఉంది. చుట్టూ మనిషి అలికిడి లేదు. పిలిచినా పలికేవాళ్ళు లేరు. మొన్న ముట్టుకుని చూశాను. వేడిగా ఉంది."

పైడయ్య మొహంలో నవ్వూ లేదు, భయమూ లేదు. "వచ్చే ఆదివారం నేనూ వస్తాను," అన్నాడు.

ఆదివారం తెల్లవారాక బయల్దేరారు. త్రినాథ్ ఎప్పట్లాగే కొండ కింద బంకులో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించాడు. పైడయ్య వెనక కూర్చుని, చేతులు శిష్యుడి భుజాల మీద వేసి, బండి ఎలా ఊగితే అలా ఊగాడు. వెనక మనిషున్నట్టే అనిపించలేదు.

మొదటి పది మలుపులూ పండగే. ఎడమకి వాల్చితే ఎడమకి, కుడికి వాల్చితే కుడికి, ఆ బరువైన బండి తూనీగలా తిరిగింది. నాలుగు సిలిండర్ల మోత కొండకి తగిలి వెనక్కి వచ్చింది. త్రినాథ్ కాసేపు భయం సంగతే మర్చిపోయాడు.

తరవాత మంచు మొదలైంది. ముందు చెట్ల తలలు పోయాయి. తరవాత చెట్లు పోయాయి. చివరికి రోడ్డు మీద తెల్లగీత ఒక్కటే మిగిలింది. కొత్త దీపాలు వేస్తే మంచు ఇంకా తెల్లబడిందే కానీ దారి కనబడలేదు.

మోచెయ్యి మలుపు వచ్చింది. ఇంజను ఒకసారి దగ్గింది. మరోసారి దగ్గింది. ఆగిపోయింది.

ఎక్కడో నీటిబొట్లు ఆకుల మీద పడుతున్నాయి. ఇంకే చప్పుడూ లేదు.

కల్వర్టు గోడ మీద డొప్ప ఉంది. దాని మీద నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది.

త్రినాథ్ బండి దిగాడు. అలవాటు కొద్దీ పెట్టెలోంచి పనిముట్ల సంచీ తీశాడు. పైడయ్య దానివైపు చూడలేదు. కండువాతో గోడ మీది తడి తుడిచి, డొప్ప పక్కనే తీరిగ్గా చతికిలబడ్డాడు. డొప్ప రెండు చేతులతో ఎత్తాడు.

"గురువుగారూ, వద్దు!"

పైడయ్య ఆ రాగి అంబలి తాగాడు. గబగబా కాదు. ఆకలేసిన మనిషి ఇంట్లో తాగినట్టు, మధ్య మధ్య ఊదుకుంటూ, చివరి చుక్కదాకా తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"ఉప్పు లేదు," అన్నాడు.

త్రినాథ్ చేతిలో సంచీ జారిపోయింది. ఉప్పు లేని కూడు ఎవరికి పెడతారో వాళ్ళ అమ్మమ్మ చిన్నప్పుడు చెప్పింది.

అప్పుడు పైడయ్య గట్టిగా తేన్చాడు.

ఆ తేన్పుకి మంచులో ఏదో కదిలింది. కాఫీ చెట్ల మధ్య ఎండుటాకులు నలిగాయి. ఒక ముసలావిడ, చేతికర్రతో నేల తడుముకుంటూ రోడ్డు మీదికి వచ్చింది. రెండు కళ్ళలోనూ తెల్లటి పువ్వులు. చంకలో చిన్న మూట.

"తాగినావా బాబూ?" అంది. "మూడు వారాలు ముట్టుకోనేదు. ఈ సిలకమ్మ మీద కోపమొచ్చిందేటో అనుకున్నాను."

త్రినాథ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సచ్చినోళ్ళు తినేటప్పుడు సూడకూడదు, పలకకూడదంతారు. అందుకే దిగువన బండి సప్పుడు ఇనగానే అంబలెట్టీసి, తోటలో అటు తిరిగి కూకున్నాను. అంబలి అలాగే ఒగ్గీసి ఎల్లిపోయీవోడివి. ఇయ్యాల తాగినావు." ఆమె కర్రతో తడుముతూ బండి దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపి పెట్టెని పట్టుకుంది, అక్కడి నుంచి సీటుని. ఎక్కడేముందో ఆ చేతికి తెలుసు. "దీని గొంతు మారిపోనాది. సచ్చాక మారతాదేమో అనుకున్నాను. పద మరి డాక్టరు బాబూ. నాను తయారుగానే ఉన్నాను."

మూటని సీటు మీద పెట్టింది.

త్రినాథ్‌కి అప్పుడు అర్థమైంది. ఈ మలుపులో తను భయపడింది ఈమెకే. ఈమె మూడు వారాలుగా ఎదురుచూసిన చనిపోయిన మనిషి మాత్రం తనే.

గురువు వైపు చూశాడు. పైడయ్య ఖాళీ డొప్పని మడత పెడుతున్నాడు. తల ఎత్తలేదు.

ఒక్క మాట అబద్ధమాడితే సరిపోతుంది. ఇవాళ కాదు, మరో రోజు వస్తానంటే ఆమె తృప్తిగా వెనక్కి వెళ్తుంది. త్రినాథ్ హెల్మెట్ తీశాడు. మంచు చెంపలకి చల్లగా తగిలింది.

"అమ్మా, డాక్టరు గారు పోయారు. నిజంగానే పోయారు. నేను ఆయన్ని కాదు. నా పేరు త్రినాథ్. ఈ బండి కొనుక్కున్నాను."

ఆమె చెయ్యెత్తింది. వేళ్ళు అతని గడ్డాన్ని వెతుక్కున్నాయి, చెంపని, నుదుటిని. ఆ వేళ్ళు పుల్లల్లా ఉన్నాయి.

"ఎచ్చగా ఉన్నావు," అంది. వెంటనే ఆమె మొహం ముడుచుకుపోయింది. "అయ్యో! బతికున్నోడివని తెలిస్తే ఉప్పేద్దును కద నాయనా."

"మూట కట్టుకుని ఎక్కడికమ్మా బయల్దేరావు?" అన్నాడు త్రినాథ్.

"కళ్ళకి. ఇసాపట్నం తీసికెల్లి పువ్వులు తీయిస్తానన్నాడు డాక్టరు బాబు. ఆదివారం ఆదివారం ఇక్కడే బండాపీవోడు. మా వోళ్ళందరికీ మాత్రలిచ్చీవోడు. వానలు తగ్గనీ సిలకమ్మా, ఎనకాల కూకోబెట్టుకుని తీసికెల్తానన్నాడు. వానలు తగ్గేలోపు ఆయనే పోనాడు." ఆమె మూట ముడి సవరించింది. "సచ్చినా మాట తప్పే మనిసి కాదు. బండి సప్పుడు ఇనబడ్డాది. సరే, నన్ను తీసికెల్లడానికే వొచ్చాడు, ఎక్కడికైతే ఏటి, ఈ సీకటైతే పోతాది కద అనుకున్నాను."

మంచు కల్వర్టు కింద నుంచి లేచి ముగ్గురి కాళ్ళనీ కప్పేసింది.

పైడయ్య లేచాడు. "త్రినాథా, ట్యాంకు మూత తియ్యి."

త్రినాథ్ తాళం పెట్టి తిప్పాడు. మూత పైకి రానని మొరాయించింది. బలంగా లాగాడు. లోపలికి గాలి పోయింది. హుస్సుమని పొడుగ్గా, ఎన్నాళ్ళ నుంచో బిగబట్టినవాడు ఊపిరి తీసుకున్నట్టు పోయింది. ఆ చప్పుడు మంచులో చాలాసేపు వినబడింది.

చిలకమ్మ రెండు చేతులూ జోడించింది.

"ఎల్లిపోనాడు," అంది మెల్లగా.

పైడయ్య సీటు తీసి, వెనక బోల్టు విప్పి, ట్యాంకుని జానెడు ఎత్తాడు. కిందికి రెండు వేళ్ళు పోనిచ్చాడు. మంచు దీపాల కోసం త్రినాథ్ లాగిన వైర్ల కట్ట కింద, ట్యాంకులోకి గాలి పోయే సన్నటి రబ్బరు గొట్టం నలిగి బల్లపరుపుగా ఉంది. గాలి పోక, నిండు ట్యాంకులోంచి పెట్రోలు కొంత దిగి ఆగిపోతోంది. కాసేపాగితే మూత సందుల్లోంచి కాస్త గాలి పోయి మళ్ళీ దిగుతోంది. పాలిటెక్నిక్ పిల్లాడికైనా చెబితే అర్థమయ్యే సంగతి. పైడయ్య వైర్లని పక్కకి జరిపి, గొట్టాన్ని వేళ్ళతో నలిపి గుండ్రంగా చేశాడు. కన్ను మూసి తెరిచేంత పని.

త్రినాథ్ బటన్ నొక్కాడు. ఇంజను అందుకుంది. అంత హాయిగా అది పాడటం అతను ఎప్పుడూ వినలేదు.

చిలకమ్మ మూట తీసుకుని, గోడ తడుముకుంటూ వెళ్ళి, కల్వర్టు మీద కూర్చుంది. మూటని ఒళ్ళో పెట్టుకుంది. వెళ్ళొస్తామని త్రినాథ్ చెబితే తలూపింది. ఎప్పుడొస్తావని అడగలేదు.

పైడయ్య వెనక ఎక్కి భుజాల మీద చేతులు వేశాడు. త్రినాథ్ గేరు వెయ్యలేదు.

"ఇక్కడే ఎందుకాగింది గురువుగారూ? ఒక కిలోమీటరు ముందే ఆగొచ్చు కదా. ఇంకో మలుపు దాటాకైనా ఆగొచ్చు."

మంచులో ఇంజను మోగుతూనే ఉంది.

"గొట్టం బాగయింది కదా," అన్నాడు త్రినాథ్ కొంతసేపటికి, వెనక్కి తిరక్కుండానే. "ఇంక ఇక్కడ ఆగదు కదా?"

"బండి ఆగదు," అన్నాడు పైడయ్య.